పల్లీ పులుసు వెనుక పరదేశి కూలీలు

శుక్రవారం పొద్దున క్యాంపు కిచెన్‌లో పొయ్యి దొరకాలంటే ఎంత తిప్పలో ఈ పేపర్ చదివే సోదరులకు చెప్పనక్కర్లేదు. వారానికో సెలవు, ఆ ఒక్క పూటా అందరికీ కోడికూరే కావాలి. మా క్యాంపులో పన్నెండు పొయ్యిలుంటే వెలిగేవి ఎనిమిది. దానికి తోడు కిచెన్ మూసేసి మెస్ పెడతారు, జీతంలోంచి తిండి డబ్బు కోస్తారు అని ఆర్నెల్లుగా ఒక మాట నడుస్తోంది. మొన్నొక శుక్రవారం ఆ గొడవే మాట్లాడుకుంటూ మేము ముగ్గురం గిన్నె, ఉల్లిగడ్డలు పట్టుకుని లైన్లో నిలబడ్డాం. పక్క పొయ్యి మీంచి తెలిసిన వాసన ఒకటి వచ్చింది. మాలో చిన్నవాడు, జగిత్యాల వైపు వాడు, "అన్నా, ఎవరో పల్లీల చట్నీ మసలవెడుతున్నరే" అన్నాడు.

చట్నీ మసలబెట్టేదెవరని చూస్తే, ఘానా దేశం నుంచి సెక్యూరిటీ గార్డు పనికి వచ్చిన పెద్దాయన. మూత తీసి చూపించాడు. ఎర్రటి చిక్కటి పులుసు, అందులో కోడి ముక్కలు, పైన వేలెడు మందాన నూనె తేరుకుని ఉంది. ఒక కటోరా నిండా పోసిచ్చాడు. రూముకు తెచ్చి అన్నంలో కలుపుకుంటే అచ్చం మన గుత్తివంకాయ కూర రసం! హైదరాబాదు పెళ్ళిళ్ళలో బిర్యానీతో వేసే మిర్చీ కా సాలన్ తిన్నవాళ్ళకు ఇంకా దగ్గరగా తెలుస్తుంది. ఆ రెంటికీ ప్రాణం పల్లీ ముద్దే కదా. మేము గిన్నె కడిగి తిరిగి ఇవ్వడానికి వెళ్ళి, ఆయన దగ్గర ఓ గంట కూర్చున్నాం. ఆయన చెప్పింది కొంత, ఆ తర్వాత మేము చదివి తెలుసుకున్నది కొంత కలిపి ఈ వారం రాస్తున్నాం.

ముందుగా ఒక మాట. మనకు సూప్ అంటే హోటల్లో భోజనానికి ముందు కప్పులో పోసి ఇచ్చే పల్చటి నీళ్ళు. ఆఫ్రికా వాళ్ళు ఇంగ్లీషులో సూప్ అన్నారంటే అది కాదు. అది మన పులుసు, మన కూర. పక్కన ముద్ద ఉండి తీరాలి. ఘానాలో కర్రపెండలం, పచ్చి అరటి ఉడికించి రోట్లో దంచి ముద్ద చేస్తారు, దాన్ని ఫుఫు అంటారు. దాన్ని చేత్తో చిన్న ఉండ చేసి, బొటనవేలితో గుంట పెట్టి, సూప్‌లో ముంచి మింగుతారు. నమలరు. రాయలసీమ సోదరులు రాగి సంకటి తినే పద్ధతి గుర్తు చేసుకుంటే చాలు. అన్నట్టు, మన రాగి కూడా ఆఫ్రికా తూర్పు వైపు కొండల్లో పుట్టి వేల ఏళ్ళ కింద మనకు వచ్చిన పంటే.

ఆఫ్రికా పులుసులు ఒకటా రెండా. నైజీరియా వాళ్ళు పుచ్చజాతి గింజలు నూరి వండే ఎగూసి, బెండకాయతో జిగురుగా వండే పులుసు, మిరియం మంటతో జ్వరం వదలగొట్టే పెప్పర్ సూప్... అన్నీ చెప్పడానికి ఈ పేజీ చాలదు. పల్లీ పులుసు ఒక్కటే చాలు. దానికి పడమటి ఆఫ్రికా అంతటా పేర్లున్నాయి. ఘానా పెద్దాయన భాషలో న్‌కాటెన్‌క్వాన్. మాలి దేశంలో తిగదెగెన. తిగ అంటే పల్లీ, దెగె అంటే ముద్ద, న అంటే కూర. గాంబియాలో దొమొదా. నైజీరియా ఉత్తరాన హౌసా వాళ్ళు మియర్ గ్యడా అంటారు. సెనెగల్‌లో మాఫే. ఈ మాఫే అన్న పేరే ఇప్పుడు ప్రపంచంలో ఎక్కువ తిరుగుతోంది. అయితే సెనెగల్ వాళ్ళు దాన్ని తమ సొంత వంట అనరు, మాలి వైపు నుంచి వచ్చిన వంట అంటారు. ఎవరు తెచ్చారు, ఎందుకు వచ్చారు అని అడిగితేనే అసలు కథ బయటికి వస్తుంది.

పల్లీ పుట్టింది ఆఫ్రికాలో కాదు, ఇండియాలో కాదు. దక్షిణ అమెరికాలో. ఇక్కడ అరబ్బులు పల్లీని 'ఫూల్ సుడానీ', అంటే సుడాన్ చిక్కుడు, అంటారు గాని అది కూడా దారిలో తగిలిన పేరే. 1500ల తర్వాత పోర్చుగీసు ఓడలవాళ్ళు బ్రెజిల్ నుంచి పడమటి ఆఫ్రికాకు ఆ గింజ తెచ్చారు. అక్కడ అది తొందరగా పాతుకుపోవడానికి ఒక కారణం ఉంది. ఆ నేలలో అప్పటికే పల్లీలాగే మట్టిలో కాయ కాసే దేశవాళీ పంట ఒకటి ఉంది, దాన్ని బంబారా సెనగ అంటున్నారు. కాబట్టి తవ్వడం, వలవడం, నూరడం, పులుసులో కలపడం ఆడవాళ్ళకు కొత్త కాదు. పాత పులుసులోకి కొత్త గింజ వచ్చి చేరింది, అంతే. తర్వాత అమెరికా నుంచే మిరప, టమాట వచ్చి కలిశాయి. ఇవాళ ఆ గిన్నెలో కనిపించే ఎరుపు, కారం, చిక్కదనం మూడూ సముద్రం దాటి వచ్చినవే.

అదే సముద్రం మీద ఎదురు దారిలో మనుషులు పోయారు. గొలుసులు వేసి అమెరికాకు తోలిన బానిసల నోట ఆ గింజ పేరు కూడా దాటిపోయింది. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో ముసలివాళ్ళు పల్లీని 'గూబర్' అంటారు, అది కాంగో వైపు భాషల్లోని 'న్‌గుబా' అన్న మాట. గంబో అని వాళ్ళు వండే పులుసు పేరు కూడా ఆఫ్రికా భాషల్లో బెండకాయ పేరే. ఊరు పోయింది, ఇంటిపేరు పోయింది, కూర పేరు మిగిలింది.

1830 ప్రాంతం దాకా పల్లీ ఇంటి పంటే. అప్పుడు గాంబియా నది రేవు నుంచి మొదటి బుట్టలు ఓడ ఎక్కాయి. ఐరోపాలో అప్పుడే ఫ్యాక్టరీలు వస్తున్నాయి. మెషిన్లకు నూనె కావాలి, దీపాలకు నూనె కావాలి, పట్నాల్లో జనం పెరిగి సబ్బుకు గిరాకీ పెరిగింది. ఫ్రాన్స్ దేశంలో మార్సెయి అనే రేవు పట్నం సబ్బుకు పేరు మోసింది. 1840లకు వచ్చేసరికి ఫ్రెంచి వ్యాపారులు గాంబియాలోనూ సెనెగల్‌లోనూ పల్లీ ఎంత దొరికితే అంత కొన్నారు. సూయజ్ కాలువ 1869లో తెరుచుకున్నాక పుదుచ్చేరి రేవు నుంచి మన దక్షిణాది పల్లీ కూడా అదే మార్సెయికి పోయి వీళ్ళ ధరకు పోటీ అయింది. అంటే మనవాళ్ళు, వాళ్ళు ఒకరినొకరు చూడకుండానే ఒకే షావుకారు తక్కెడలో తూగారన్నమాట.

మరి అంత పల్లీ పండించింది ఎవరు?

నది ఒడ్డున భూమి ఉంది, మనుషులు చాలరు. ధర పలికే పంట వచ్చిందని తెలియగానే తూర్పున వందల మైళ్ళ లోపలి నుంచి, ఇప్పటి మాలి, గినీ దేశాల వైపు నుంచి, కుర్రాళ్ళు నడిచి రావడం మొదలైంది. 1840ల చివర గాంబియాలో బ్రిటిష్ గవర్నరుగా ఉన్న మెక్‌డానెల్ వీళ్ళ గురించి తన రిపోర్టుల్లో రాశాడు. లోపలి దేశాల నుంచి వస్తారు, ఊరిపెద్దకు సుంకం కట్టి భూమి తీసుకుంటారు, రెండు మూడేళ్ళు పండించి, వచ్చిన డబ్బుకు సరుకు కొనుక్కుని సొంతూరు పోతారు అని దాని సారాంశం. చదువుతుంటే మాకు నవ్వూ వచ్చింది, బాధా వేసింది. రెండేళ్ళ అగ్రిమెంటు అన్నది మన వీసాలతో పుట్టింది కాదన్నమాట! మన పెద్దలు 1980ల్లో టేప్‌రికార్డర్లు, దుప్పట్లు మోసుకుని ఊళ్ళో దిగినట్టే వాళ్ళు బట్టల మూటలు మోసుకెళ్ళారు.

గాంబియాలో ఇంగ్లీషువాళ్ళు వీళ్ళకు పెట్టిన పేరును తెలుగులో చెప్పాలంటే 'పరాయి రైతులు'. సెనెగల్‌లో 'నవెతాన్' అన్నారు. వొలోఫ్ భాషలో నవెత్ అంటే వానాకాలం. వానతో వచ్చి పంటతో పోయేవాడు అని అర్థం. మనకు పాలమూరు లేబర్ అన్న పేరు ఎలా పడిందో అలాంటిదే. పాలమూరు వాళ్ళకు ఊరి పేరు పెట్టారు, వీళ్ళకు కాలం పేరు పెట్టారు.

వీళ్ళంతా ఇష్టపడి వచ్చినవాళ్ళే అనుకోవద్దు. సముద్రం మీద మనుషుల వ్యాపారాన్ని బ్రిటన్ 1807లో నిషేధించింది, ఫ్రాన్స్ తన వలస రాజ్యాల్లో బానిసత్వాన్ని 1848లో రద్దు చేసింది. కాగితం మీద మాట అది. ఊళ్ళ లోపల యజమానుల పొలాల్లో బానిసలు పల్లీ తవ్వుతూనే ఉన్నారు, ఆ పల్లీని ఐరోపా షావుకార్లు అడగకుండా కొంటూనే ఉన్నారు. 1905లో ఇప్పటి మాలిలోని బనంబా అనే ఊళ్ళో బానిసలు గుంపులు గుంపులుగా యజమానులను వదిలి నడిచి పోవడం మొదలుపెట్టారు. అది చుట్టుపక్కలకూ పాకింది. అదే ఏడాది చివర ఫ్రెంచి ప్రభుత్వం మనుషుల కొనుగోలు, అమ్మకం నేరమని ఆజ్ఞ ఇచ్చింది. అలా బయటపడ్డవాళ్ళలో కొందరు పుట్టిన ఊరు వెతుక్కుంటూ పోయారు, కొందరు పల్లీ పొలాల దారి పట్టారు. మొదటిసారి తన చెమటకు తనకే డబ్బు వచ్చే పని కదా అది.

ఇప్పుడు ఒప్పందం సంగతి వినండి. కూలీ ఊళ్ళోకి రాగానే ఒక ఇంటి యజమానిని వెతుక్కోవాలి. ఆ యజమానిని 'జాతిగి' అంటారు, ఆతిథ్యం ఇచ్చేవాడని అర్థం. మన భాషలో కఫీల్ అనుకోండి, కాకపోతే పాస్‌పోర్టు తీసి బీరువాలో పెట్టుకునేవాడు కాదు. జాతిగి పడుకోవడానికి చోటిస్తాడు, సాగుకు కొంత చెక్క ఇస్తాడు, విత్తనం అప్పు ఇప్పిస్తాడు, తిండి పెడతాడు. బదులుగా కూలీ వారంలో కొన్ని రోజులు జాతిగి పొలంలో పనిచెయ్యాలి. కొన్నిచోట్ల రెండు మూడు రోజులు, కొన్నిచోట్ల నాలుగైదు పూటలు, మధ్యాహ్నం దాకా. మిగతా పొద్దు తన చెక్కలో తన పల్లీ. పంట అమ్మాక విత్తనం అప్పు వడ్డీతో తీర్చగా మిగిలింది తనది.

ఈ బేరంలో జీతం అన్న మాటే లేదు చూడండి. కూలీకి దక్కేది చోటు, చెక్క, కూడు. అందులో రోజూ కనిపించేది కూడే. జూలై నుంచి సెప్టెంబరు దాకా అక్కడ ఆకలి రోజులు. పాత ధాన్యం అడుగంటుతుంది, కొత్త పంట చేతికి రాదు. పని మాత్రం అప్పుడే ఎక్కువ, కలుపు తీసేది అప్పుడే. ఆ రోజుల్లో పరాయివాడికి నిండా పెట్టే ఇల్లు మంచి ఇల్లు. ఏ ఊళ్ళో ఏ జాతిగి గిన్నె పల్చగా ఉంటుందో కూలీలు ఒకరికొకరు చెప్పుకోకుండా ఉంటారా? మనం ఏ కంపెనీ మెస్సులో పప్పు నీళ్ళలా ఉంటుందో చెప్పుకోమూ?

ఆ కూడు ఏమిటంటే ఎక్కువగా సజ్జ. సజ్జ దంచి, జల్లించి, ఆవిరి మీద ఉడికించి రవ్వలా చేస్తారు. దాని మీద ఆకుకూరో పల్లీ ముద్దో వేసి వండిన పులుసు. మాంసం పండగకే. పెద్ద కొయ్య పళ్ళెం మధ్యన పెట్టి చుట్టూ కూర్చుంటారు, కుడిచేత్తో ఎవరి ముందున్నది వాళ్ళు తింటారు, ఎదుటివాడి వైపు చెయ్యి పోకూడదు. ఇంటావిడ కూర ముక్కలు తుంచి అందరి ముందుకూ వేస్తుంది. ఇంటి కొడుకూ పరాయి కూలీ ఒకే పళ్ళెం. ఆ సజ్జ దంచిన చేతులు, ఆ పల్లీ నూరిన చేతులు ఇంటి ఆడవాళ్ళవి. పదిమంది కూలీలు ఆ ఇంటికి వచ్చారంటే పదిమంది కూడూ ఆమె రోకటి మీదే. ఈ చరిత్ర రాసినవాళ్ళు ఓడల్లోని టన్నులు లెక్కపెట్టారు గాని రోకటి పోట్లు లెక్కపెట్టలేదు.

రైలు వచ్చాక కథ మారింది. డకార్ నుంచి సెయింట్ లూయీ దాకా రైలుమార్గం 1885లో తెరిచారు, సరిగ్గా పల్లీ పండే కయోర్ రాజ్యం మధ్యలోంచి. ఆ రాజు లాట్ జోర్ రైలును చివరిదాకా వద్దన్నాడు, 1886లో ఫ్రెంచి సైన్యంతో పోరాడుతూ చనిపోయాడు. సెనెగల్‌లో ఇవాళ్టికీ ఆయన పేరు చెబితే లేచి నిలబడతారు. 1923 నాటికి రైలు డకార్ నుంచి మాలిలోని నైజర్ నది దాకా కలిసింది. నెలల తరబడి నడిచిన కూలీ ఇక రైలెక్కాడు. ఏటా పదుల వేలమంది వచ్చారు. కూలీలు కావాలి కాబట్టి సర్కారే టికెట్టు తగ్గించింది. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందే సెనెగల్ ఏడాదికి 2 లక్షల టన్నుల పైన పల్లీ ఎగుమతి చేసింది. 1930ల చివరికి అది 5 లక్షల టన్నులు దాటింది. (ఇదే రైలు కార్మికులు 1947 అక్టోబరు నుంచి 1948 మార్చి దాకా చేసిన సమ్మె పెద్ద కథ, సెంబేన్ ఉస్మాన్ దాని మీద నవలే రాశాడు. అది ఇంకో వారం.)

పొలమంతా పల్లీ వేస్తే సజ్జ ఎక్కడ పండుతుంది? ఇది అనంతపురం వాళ్ళకు వేరే చెప్పాలా. కొర్ర, సజ్జ వేసే ఎర్రనేలలో చెనక్కాయ ఒక్కటే మిగిలి, వాన మొహం చాటేస్తే కువైట్ వీసా కోసం ఏజెంట్ల చుట్టూ తిరిగిన ఇళ్ళు మనకు తెలుసు. అక్కడ ఆ కరువును ఫ్రెంచి షావుకారు బియ్యంతో పూడ్చాడు. ఫ్రాన్స్ ఏలుబడిలోనే ఉన్న వియత్నాం వైపు మిల్లుల్లో మిగిలిన నూకలను ఓడలకెత్తి సెనెగల్‌లో దించాడు. పల్లీ తీసుకుపో, నూకలు దించు. రెండు వైపులా లాభం అతనిదే. మూడు తరాలు నూకలు తిన్న నాలుకకు ఇక నూకలే రుచి. ఇవాళ సెనెగల్‌లో చేపలతో వండే చెబు జెన్‌ను 2021లో యునెస్కో అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది, అది వండేది నూకలతోనే. మాఫే పులుసు కూడా అక్కడ నూకలన్నం మీదికే.

మనకు నూకలంటే లేనివాళ్ళ తిండి, కోళ్ళకు చల్లేది. వాళ్ళకు విందు. మన కాకినాడ రేవు నుంచి పడమటి ఆఫ్రికాకు బియ్యం, నూకలు పోతాయన్నది ఆ వైపు సోదరులకు తెలిసే ఉంటుంది. 2022 సెప్టెంబరులో ఇండియా నూకల ఎగుమతి ఆపేసింది, మళ్ళీ 2025 మార్చిలో వదిలింది. ఆ రెండున్నరేళ్ళు అక్కడి ఇంటావిడ నూకలకు వేరే దేశాల వైపు చూడాల్సి వచ్చింది. గోదావరి జిల్లాల మిల్లుకూ డకార్ వంటింటికీ మధ్య తాడు ఎంత గట్టిగా ఉందో దాన్నిబట్టి చూడండి.

నవెతాన్‌ల సంగతి ఏమైందో చెప్పాలి. 1930ల మొదట్లో ప్రపంచమంతా మాంద్యం వచ్చి పల్లీ ధర పడిపోయింది, వచ్చే కూలీలూ ఒక్కసారిగా తగ్గిపోయారు. ధర లేచాక మళ్ళీ వచ్చారు. 2008లో దుబాయిలో క్రేన్లు ఆగిపోయిన రోజులు చూసినవాళ్ళకు ఇది కొత్త కాదు. అసలు దెబ్బ 1960లో తగిలింది. మాలి, సెనెగల్ కలిసి ఒకే దేశంగా స్వాతంత్ర్యం తెచ్చుకుని, రెండు నెలలు తిరగకముందే ఆగస్టులో విడిపోయాయి. సరిహద్దు దగ్గర రైలు ఆగింది. 1963 దాకా మళ్ళీ కదల్లేదు. తాతల నుంచి తొక్కిన దారి ఒక్క రాత్రిలో విదేశమైపోయింది. దారి తెరిచినా ఆ పాత వెల్లువ మళ్ళీ రాలేదు.

అప్పటికే ఆ కుటుంబాల వాళ్ళు వేరే దారి పట్టారు. సెనెగల్ నది ఒడ్డున, మాలిలోని కాయ్ పట్నం చుట్టూ ఉండే సోనింకే జనం నుంచి తాతలు పల్లీ పొలాలకు పోయినట్టే మనవలు 1950లు, 60లలో ఓడెక్కి ఫ్రాన్స్ పోయారు. అదే మార్సెయిలో దిగి, పారిస్ చుట్టుపక్కల కార్ల ఫ్యాక్టరీల్లో, రోడ్లు ఊడ్చే పనిలో కుదిరారు. పల్లీ వెళ్ళిన దారినే మనుషులూ వెళ్ళారు.

వాళ్ళు ఉన్న చోటును 'ఫొయే' అంటారు. చదివిన కొద్దీ మన క్యాంపే కళ్ళ ముందు కదిలింది. ఒక గదిలో వరసగా మంచాలు, ఒక షిఫ్టు వాళ్ళు లేస్తే ఇంకో షిఫ్టు వాళ్ళు పడుకునేది, పెళ్ళాం బిడ్డలు ఊళ్ళో. మోంత్రెయి అనే చోట పాత పియానో ఫ్యాక్టరీనే 1968లో ఫొయేగా మార్చి వందలమందిని పెట్టారు, 2018లో దాన్ని ఖాళీ చేయించే దాకా అది పారిస్‌లో మాలి వాళ్ళకు సొంతూరు లాంటిది. అంతకంటే ఘోరమైన చోట్లూ ఉన్నాయి. 1970 జనవరి 1, కొత్త సంవత్సరం తెల్లవారేసరికి ఓబెర్‌విలియే అనే చోట ఐదుగురు ఆఫ్రికా కూలీలు గదిలో చనిపోయి ఉన్నారు. హీటర్లు పనిచెయ్యక, చలికి తాళలేక గదిలో నిప్పు రాజేసుకున్నారు, ఆ పొగ విషమై నిద్రలోనే ప్రాణాలు తీసింది. దానిమీద దేశమంతా గగ్గోలు పుట్టాకే ఫొయేల పరిస్థితి ఫ్రెంచివాళ్ళ కంటికి కనబడింది. సోదరులారా, చలికాలంలో ఇక్కడ కూడా తలుపులు మూసి బొగ్గుల కుంపటి పెట్టుకుని పోయినవాళ్ళ వార్తలు ఏటా వింటున్నాం. ఎంత చలి ఉన్నా మూసిన రూములో బొగ్గులు పెట్టుకోవద్దు.

ఆ ఫొయేల్లో నేల అంతస్తున ఒక వంటిల్లు ఉండేది. పెద్ద పెద్ద గిన్నెలు, మాలి నుంచి వచ్చిన ఆడవాళ్ళు వంటకు కూర్చుంటారు. అన్నం మీద మాఫే ఒక గరిటె, రెండు మూడు యూరోలకే పళ్ళెం నిండా. పనిలేనివాడికి అప్పు, ఆ అప్పు కూడా లేనివాడికి ఎవరో ఒకరి పళ్ళెంలో చోటు. పాత జాతిగి ఇంటి కొయ్య పళ్ళెం పారిస్‌కు వచ్చిందన్నమాట. బయటి పేదవాళ్ళు, చుట్టుపక్కల స్టూడెంట్లు కూడా అక్కడికే వచ్చి తినేవాళ్ళు.

1997లో ఫ్రెంచి ప్రభుత్వం ఈ ఫొయేలను పడగొట్టి కొత్తగా కట్టే ప్లాను మొదలుపెట్టింది. ఒక్కొక్కరికి ఒక్కో చిన్న గది, గదిలోనే చిన్న పొయ్యి. మంచిదే కదా అనిపిస్తుంది. గది మంచిదే, ఎవరూ కాదనలేదు. కాని కొత్త బిల్డింగుల్లో చాలాచోట్ల ఆ పెద్ద వంటిల్లు తీసేశారు. పరిశుభ్రత లేదన్నారు, లైసెన్సు లేదన్నారు. గదికి అద్దె పెరిగింది, రెండు యూరోల పళ్ళెం పోయింది. చాలా ఫొయేల్లో ముసలి కూలీలు వంటిల్లు కోసం సంతకాలు పెట్టారు, మీటింగులు పెట్టారు, కమిటీలు కట్టి అధికారుల దగ్గరికి పోయారు. కొన్నిచోట్ల వంటిల్లు నిలబెట్టుకున్నారు, చాలాచోట్ల పోగొట్టుకున్నారు. సగం వయసు మెషిన్ ముందు గడిపినవాడు మంచి గది ఇస్తామంటే ముందు గిన్నె ఎక్కడ పెట్టుకోవాలి అని అడిగాడంటే, అక్కడి ఆఫీసర్లకు అది మొండితనంలా కనిపించి ఉంటుంది. మాకు అలా కనిపించలేదు.

మా క్యాంపులో మెస్ మాట ఇంకా తేలలేదు. కిచెన్ మురికిగా ఉంటుందన్నది నిజమే, గ్యాస్ పైపులు పాతవన్నదీ నిజమే. ఘానా పెద్దాయన, మేము, బీహార్ వాళ్ళు, నేపాల్ వాళ్ళు కలిసి క్యాంపు బాస్ దగ్గరికి పోయి, పొయ్యిలు బాగుచేయించండి, శుక్రవారం పూట క్లీనింగు మా వంతు అని చెప్పి వచ్చాం. చూస్తామన్నాడు.

పోతే, చాలామంది అడుగుతారని ఆ పులుసు పద్ధతి రాస్తున్నాం. పదిమందికి రెండు కోళ్ళు చాలు. ముక్కలను ఉల్లిగడ్డ, అల్లం, ఉప్పు వేసి కొద్ది నీళ్ళతో సగం ఉడకనివ్వాలి. అరకిలో పల్లీలు దోరగా వేయించి, పొట్టు ఊదేసి, నూనె ఊరేదాకా మిక్సీలో మెత్తగా తిప్పాలి. మిక్సీ లేకపోతే బకాలాలో దొరికే పీనట్ బటర్ డబ్బా, తీపి లేనిది చూసి కొనండి. నాలుగు టమాటలు, పచ్చిమిరపకాయలు విడిగా రుబ్బుకుని కోడిలో పొయ్యాలి. పల్లీ ముద్దను అలాగే గిన్నెలో వేస్తే ఉండలు కడుతుంది. ముందు వేడినీళ్ళలో జారుగా కలిపి, అప్పుడు పొయ్యాలి. ఇక మంట తగ్గించి ముప్పావు గంట వదిలెయ్యడమే, మధ్యమధ్య అడుగంటకుండా కలపాలి. మనం తాలింపులో ముందే నూనె పోస్తాం, వాళ్ళు పొయ్యరు. పల్లీలోని నూనె దానంతటదే పైకి తేలాలి, అప్పటిదాకా పచ్చివాసన పోదు. మొదటిసారి మేము అరగంటకే దించేశాం. పెద్దాయన వచ్చి గరిటెతో చూసి, ఇంకా కాలేదని గిన్నెను మళ్ళీ పొయ్యి మీద పెట్టాడు.